గంజి రంగు గోడలు

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మేం ఆరు అద్దె ఇళ్ళు మారాం. ఆరింట్లోనూ గోడలు ఓనర్ల ఇష్టమే. ఒకచోట హాల్లో ఒక గోడకి నారింజ, మిగతా మూడింటికీ పసుపు. ఇంకోచోట పడకగదికి చిలకాకుపచ్చ. రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే ఇంటిల్లిపాదికీ కామెర్లు వచ్చినట్టుండేది. అందుకే విజయవాడలో ఈ పాత ఫ్లాటు కొనుక్కున్నప్పుడు మా ఆయనకి ముందే చెప్పేశాను. "టైల్స్ మీ ఇష్టం, సోఫా మీ ఇష్టం, గోడలు మాత్రం నా ఇష్టం."

నా ఇష్టం ఆఫ్ వైట్. ఇల్లంతా అదొక్కటే.

తెలుపే కదా, ఏముంది అనుకున్నాను. షేడ్ కార్డు తెరిస్తే తెలుపులే బోలెడు! ఒకదాంట్లో పసుపు జీర, ఒకదాంట్లో గులాబీ జీర, ఇంకోదాంట్లో బూడిద. కార్డు మీద చూస్తే అన్నీ ఒకటేలా ఉన్నాయి. మా పెయింటరు మంచి సలహా ఇచ్చాడు. మూడు రకాలు కొద్దికొద్దిగా తెచ్చి, ప్రతి గదిలోనూ గోడ మీద పట్టీలు వేసి, పొద్దున్న, సాయంత్రం, రాత్రి లైటు కింద చూడమన్నాడు. ఉత్తరం గదిలో బూడిద జీరది మబ్బు పట్టినట్టుంది. పడమటి గదిలో సాయంత్రం ఎండకి పసుపు జీరది ఏకంగా వెన్నపూస అయిపోయింది. చివరికి గులాబీ జీరదానికి ఓటేశాం.

పుట్టీ, ప్రైమరు, రెండు కోట్లు అయ్యేసరికి ఇల్లు రెండింతలైనట్టు అనిపించింది. ఒకే రంగైతే ఇంకో సుఖం, మిగిలిన డబ్బా దాచుకుంటే ఏ గదిలో గీత పడ్డా పనికొస్తుంది. ఆ ఊపులో తలుపులకీ, గుమ్మాలకీ కూడా అదే షేడు ఎనామిల్ వేయించేశాను. స్విచ్ బోర్డులు ఎలాగూ తెలుపే. కర్టెన్లు కూడా అదే వరసలో కొన్నాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా "హాయిగా ఉందండీ" అంటుంటే నేను నేల మీద లేను.

కార్తీకమాసంలో మా అత్తయ్యగారు వచ్చారు. అమలాపురం దగ్గర పల్లెటూళ్ళో సొంతింట్లో ఉంటారావిడ. గోడని తడిమి చూసి, "ఇదేం రంగే అమ్మాయ్, గంజి రంగు?" అన్నారు. అందరం నవ్వాం. "మేం సంక్రాంతికి సున్నంలో కాస్త నీలిమందు కలిపి, చేతికంటకుండా బంక వేసి కొట్టించేవాళ్ళం. మల్లెపువ్వులా ఉండేది" అన్నారు. ఉంటుందిలెండి అనుకున్నాను.

నాలుగు రోజులకి గోడ మీద ఒక చార కనపడింది. ఆవిడ గది నుంచి బాత్రూం దాకా, నడుమెత్తులో, నూనె మరక. తడిగుడ్డతో తుడిచాను. మర్నాడు మళ్ళీ. తుడిచిన చోట మెరుపు వస్తోంది గానీ మరక పోవట్లేదు. మూడోరోజు ఆగలేకపోయాను. "అత్తయ్యగారూ, గోడల మీద చేతులు వేయకండి, కొత్త రంగు" అన్నాను. మెల్లగానే అన్నాను. కానీ అన్నాను.

ఆవిడ "అలాగేనమ్మా" అన్నారు. అన్నమాట ప్రకారం గోడ ముట్టుకోలేదు. గదిలోంచి బయటికి రావడం కూడా తగ్గించేశారు. కాఫీ అక్కడికే, అన్నం అక్కడికే. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం దబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే, ఓరగా తెరిచి ఉన్న తలుపు అంచు తగిలి నుదురు బొప్పి కట్టింది. మంచం మీద కూర్చోబెట్టి ఐస్ పెడుతుంటే, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అడిగారు, "ఈ ఇంటికి గుమ్మాలెక్కడున్నాయే? నాకన్నీ గోడలే అగపడుతున్నాయి."

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నీటికాసులన్నారు. నొప్పి లేకుండా ముందు పక్కచూపు తినేస్తుందట, అందుకే చాలామందికి ఆలస్యంగా తెలుస్తుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కలు రోజూ వేసుకోవాలన్నారు. లేత రంగు పక్కన లేత రంగుంటే అంచు తెలియదనీ, ఇంట్లో గోడకీ తలుపుకీ తేడా ఉండాలనీ చెప్పారు.

ఊళ్ళో మాకెవరికీ ఎందుకు తెలియలేదో అప్పుడర్థమైంది. అక్కడ తెల్లటి సున్నం గోడ మధ్య నల్లగా టేకు గుమ్మం. దాని కింద పసుపు రాసిన గడప, కుంకుమ బొట్లు. ఇంటికి లక్ష్మి అని రాస్తాం, నిజమే. ఆవిడ మాత్రం కొన్నేళ్ళుగా ఆ పసుపు చూసుకునే అడుగెత్తి వేస్తున్నారు. చూపు తగ్గుతున్న సంగతి ఆవిడకీ తెలియనివ్వకుండా ఆ ఇల్లే నడిపించింది. నా ఇంట్లో గడపలే లేవు. గోడ చెయ్యి పట్టుకుని నడుస్తుంటే అదీ వద్దన్నాను.

పెయింటర్ని మళ్ళీ పిలిచాం. తలుపులు, గుమ్మాలు ముదురు గోధుమ రంగుకి మార్చాం. స్విచ్ బోర్డుల చుట్టూ అదే రంగు పట్టీ. బాల్కనీ మెట్టు అంచుకి పసుపు రంగు గీత. పింగాణీ పళ్ళెం తీసేసి, పెరుగన్నం స్టీలు కంచంలో పెడుతున్నాను. గోడలు మాత్రం ఆఫ్ వైటే. వాటి పక్కన ఉండబట్టే గుమ్మాలు బాగా తెలుస్తున్నాయని మా ఆయన నన్ను ఓదార్చడానికన్నారు గానీ, అది నిజం కూడా.

రంగు ఆరాక అత్తయ్యగారిని గది గుమ్మం దాకా తీసుకెళ్ళి, "ఇప్పుడు కనపడుతోందా?" అన్నాను. చెయ్యి చాపి, గుమ్మాన్ని తప్పు లేకుండా పట్టుకున్నారు. "ఇది గుమ్మం" అన్నారు. ఆ వెంటనే రెండో చెయ్యి గోడ మీద వెయ్యబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నారు.

ఆ చేతిని నేనే పట్టుకుని గోడ మీద పెట్టాను. నోటితో చెప్పాల్సిన మాట మాత్రం ఆ రోజు రాలేదు. రాత్రి చుక్కలు వేస్తున్నప్పుడు చెప్పాను. "గోడదేముందే, పిచ్చిదానా" అన్నారు, కళ్ళు మూసుకునే.

చార మళ్ళీ పడింది. మిగిలిన రంగు డబ్బా అటక మీదే ఉంది. తీయలేదు.