మీ అమ్మాయి జూడో ఆడుతోందా?

ఖమ్మం నుంచి భద్రాచలం వస్తుంటే, కొత్తగూడెం దాటాక అడవి దగ్గరవుతుంది. ఆ అడవి అంచున వైద్యం చేసే నా దగ్గరకు చలిజ్వరాలు, పాముకాట్లు ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య ఆటలాడే ఆడపిల్లలు కూడా వస్తున్నారు. హాస్టళ్ళలో చదువుకుంటూ కబడ్డీ, జూడో నేర్చుకుంటున్న పిల్లలు. చూస్తే ముచ్చటేస్తుంది. అయితే జూడో నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు ఒక్క సంగతి చెప్పాలి. అది బరువు సంగతి.

జూడోలో బరువును బట్టి తరగతులుంటాయి. పెద్దవాళ్ళ పోటీల్లో ఆడవారికి 48 కిలోల లోపు మొదలుకొని 52, 57, 63, ఇలా మొత్తం ఏడు. పోటీకి ముందు తూకం వేస్తారు. హద్దు దాటితే ఆట లేదు. ఇక్కడే ఆశ పుడుతుంది. 51 కిలోల పిల్లను ఎలాగో 48కి దింపితే, తనకన్నా చిన్నవాళ్ళతో ఆడి సులువుగా గెలుస్తుంది కదా అని!

ఒక వేసవిలో పదిహేనేళ్ళ అమ్మాయిని తల్లి ఆటోలో తీసుకొచ్చింది. "రెండు రోజుల్నుంచి మెతుకు ముట్టలేదు డాక్టరుగారూ, నీళ్ళు కూడా గుక్కెడే. బరువు తూస్తారంట" అంది. ఎండలో స్వెట్టరు వేసుకుని పరుగెత్తిందట. తొడలు పట్టేసి నిలబడలేకపోతోంది. నాలుక ఎండిపోయి ఉంది. సెలైను ఎక్కించి రక్తపరీక్ష చేయిస్తే, 12 గ్రాములకు తగ్గకూడని హిమోగ్లోబిను 9 మాత్రమే ఉంది. దానికి తోడు సికిల్‌సెల్ లక్షణం కూడా బయటపడింది.

మన ఏజెన్సీ ప్రాంతపు తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోండి. సికిల్‌సెల్ తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే లక్షణం మాత్రమే. లక్షణం ఉన్నవాళ్ళు అందరిలాగే బతుకుతారు, ఆటలూ ఆడవచ్చు. కాని ఒంట్లో నీరు ఇంకిపోయి, ఎండలో విపరీతంగా శ్రమపడితే వాళ్ళ ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కోవచ్చు. కండరాలు దెబ్బతింటాయి. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. 2023లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపువారికి ఈ పరీక్ష చేస్తున్నారు. చేయించి, ఆ కార్డు మాస్టారికి చూపించండి.

లక్షణం లేనివాళ్ళకు భయం లేదనుకోకండి. 1996లో ఒలింపిక్స్‌కి సిద్ధమవుతున్న దక్షిణ కొరియా జూడో యువకుడు చుంగ్ సే హూన్, బరువు తగ్గడానికి ఆవిరిగదిలో కూర్చుని అక్కడే గుండె ఆగి మరణించాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ రాత్రంతా కష్టపడినా 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనలుకు దూరమైంది. ఇలాంటి కడుపుమాడ్పులు తగ్గాలనే అంతర్జాతీయ జూడోలో ఒక నియమం పెట్టారు. ముందురోజు తూచినవారిలో కొందరిని ఆట రోజు ఉదయం మళ్ళీ తూస్తారు. హద్దుకు 5 శాతం మించితే ఆడనివ్వరు.

మరి పైతరగతిలో ఆడితే ఓడిపోదా అంటారేమో. మణిపూర్ అమ్మాయి లింతోయి చనంబం సంగతి చూడండి. 2022 ఆగస్టులో సరయేవోలో జరిగిన ప్రపంచ కేడెట్ పోటీల్లో, 57 కిలోల తరగతి ఫైనల్లో బ్రెజిల్ అమ్మాయిని ఓడించి స్వర్ణం తెచ్చింది. ఏ వయసు విభాగంలోనైనా ప్రపంచ జూడో పోటీల్లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. తరువాత ఆమె 63 కిలోల తరగతికి మారింది. 2025లో పెరూలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో ఆ తరగతిలోనే కాంస్యం గెలిచింది. పిల్ల పెరిగింది, తరగతీ పెరిగింది. పతకం ఎక్కడికీ పోలేదు!

నేను చూసిన అమ్మాయి కూడా తరువాత 52లోనే ఆడింది. రెండో ఆటలో ఓడిపోయింది గాని, తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికొచ్చింది.

మీరు చెయ్యవలసినవి కష్టమైనవేమీ కావు. సాధనకు ముందూ తరువాతా పిల్లను తూచండి. కిలో తగ్గితే అది కొవ్వు కాదు, చెమట. లీటరు, లీటరున్నర నీళ్ళో, ఉప్పు వేసిన మజ్జిగో, గంజో కొంచెం కొంచెంగా తాగించండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలలేదన్నమాట. రోజూ గుడ్డు, పప్పు, ఆకుకూర, రాగిజావ ఉండాలి. మునగాకు కూరలో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పాకే వెయ్యండి. సికిల్‌సెల్ జబ్బు ఉంటే మరీ జాగ్రత్త. మూడు నెలలు బహిష్టు రాకపోతే "ఆటల వల్ల మామూలే" అని ఊరుకోకండి.

సాధనలో తొడలు, పిక్కలు పట్టేసి నీరసించిపోతే వెంటనే ఆపించి, నీడకు చేర్చి, నీళ్ళు తాగించి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. "ఇంకొంచెం ఓర్చుకో" అనే మాట అప్పుడు పనికిరాదు.

పోటీకి పేరు ఇచ్చేముందు మాస్టారిని ఒక్క మాట అడగండి: "మా అమ్మాయి కడుపునిండా తిని, నీళ్ళు తాగి ఎంత తూగుతోందండీ?" ఆ తూకం ఏ తరగతికి వస్తే, మీ అమ్మాయి తరగతి అదే.