ఎండను ఎక్కడ పట్టాలి?

అమెరికా వెళ్ళొచ్చిన అమ్మానాన్నల కబుర్లు ఇప్పుడెవరికీ కొత్త కాదు. నయాగరా ముందు రెయిన్‌కోటు వేసుకుని దిగిన ఫొటో, లిబర్టీ విగ్రహం ముందు చీర కొంగు ఎగురుతున్న ఫొటో ప్రతి వీధిలో ఒక ఇంట్లోనైనా ఉంటాయి. నేను చెప్పబోయేది వాటి గురించి కాదు. ఒక కారు పార్కింగ్ గురించి. నవ్వకండి. ముప్పయ్యేళ్ళకు పైగా కర్నూలు జిల్లా సబ్‌స్టేషన్లలో పనిచేసినవాణ్ణి. ఎక్కడికెళ్ళినా నా కళ్ళు ముందు కరెంటు లైన్ల మీదికే పోతాయి.

2024 జులైలో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి మమ్మల్ని జాక్సన్ ఊళ్ళోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌కు తీసుకెళ్ళింది. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకు అది బాగా తెలిసిన అమ్యూజ్‌మెంట్ పార్కు. 1974లో మొదలైంది. మేం వెళ్ళింది దాని యాభయ్యో ఏడు. ఆ ఏడాదే 'ద ఫ్లాష్' అని ముందుకూ వెనక్కూ పరుగెత్తే కొత్త రోలర్‌కోస్టర్ కూడా పెట్టారు. మనవడి ప్రాణమంతా దాని మీదే. కారు ఆగీ ఆగకముందే తలుపు తీశాడు.

నేను మాత్రం దిగినచోటే నిలబడి పైకి చూశాను. జులై ఎండ. అయినా నెత్తి మాడటం లేదు. వరసలు వరసలుగా ఇనుప స్తంభాలు, వాటి మీద ఏటవాలుగా సోలార్ ప్యానెళ్ళు, వాటి కింద నీడలో కార్లు. మన ఊళ్ళో పెళ్ళికి షామియానా వేసినట్టు పార్కింగ్ స్థలానికి కరెంటు పందిరి వేశారన్నమాట. పైన ఎండ కరెంటవుతుంటే, కింద సాయంత్రం కారెక్కినప్పుడు సీటు కాలకుండా ఉంటుంది. ఒక్క ఖర్చుకు రెండు లాభాలు. ఈ పందిళ్ళూ, పక్కనే నేల మీద పరిచిన ప్యానెళ్ళూ కలిపి 23.5 మెగావాట్లు. 2019 జూన్‌లో మొదలైంది. పార్కుకు కావలసిన కరెంటు దాదాపు మొత్తం ఇక్కడినుంచే వచ్చేలా దీన్ని కట్టారు.

ఆలోచిస్తే అమ్యూజ్‌మెంట్ పార్కుకూ సూర్యుడికీ జోడీ బాగా కుదురుతుంది. ఎండ ఎక్కువుండే ఎండాకాలంలోనే పిల్లలకు సెలవులు, అప్పుడే జనం. మంచు కురిసే నెలల్లో ఎండా తక్కువే, జనమూ తక్కువే. మన వ్యవసాయ మోటార్లదీ ఇదే లెక్క. పగటి పూట పైరుకు నీళ్ళు కావాలి, పగటి పూటే ఎండ. ఆ సంగతి తెలియక కాదు కానీ, నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైతుకు అర్ధరాత్రి కరెంటు ఇచ్చిన రోజులే ఎక్కువ.

లోపలికి వెళ్ళాక కింగ్డా కా చూశాను. 139 మీటర్ల ఎత్తు. 2005లో కట్టినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన రోలర్‌కోస్టర్ అదే. మామూలు రోలర్‌కోస్టర్‌ను మోటారూ గొలుసూ కలిసి గుట్ట మీదికి లాగి వదిలేస్తాయి. అక్కణ్ణుంచి పని భూమ్యాకర్షణది. ఇది అలా కాదు. నిలబడ్డ బండి మూడున్నర సెకన్లలో గంటకు 206 కిలోమీటర్ల వేగం అందుకుని ఆ కొండ ఎక్కేస్తుంది. ఆ క్షణంలో వాడే శక్తి 20 వేల హార్స్‌పవర్‌కు పైమాటే. మన పొలాల్లో ఉండే 5 హెచ్‌పీ మోటార్లు నాలుగు వేలు ఒక్కసారి ఆన్ చేశారనుకోండి, అంత. మా సబ్‌స్టేషన్లో అయితే అన్ని బ్రేకర్లూ టపటపా పడిపోయేవి!

మరి అక్కడెందుకు పడలేదు? కిటుకు ఏమిటంటే, ఆ శక్తినంతా ఒకేసారి లైన్లోంచి లాగరు. ఒక బండి వెళ్ళి ఇంకో బండి వచ్చేలోపు పంపులు తాపీగా నూనెను తోసి, సిలిండర్లలో ఉన్న నైట్రోజన్ వాయువును నొక్కిపెడతాయి. మీట వదలగానే ఆ వాయువు విల్లులా విడుచుకుంటుంది, తీగ బండిని లాగుతుంది. కొంచెం కొంచెంగా కూడబెట్టి ఒక్కసారి ఖర్చుపెట్టడం. ఒక్కోసారి బండి కొండ దాటేంత వేగం చాలక వెనక్కి జారేదట. అప్పుడు అయస్కాంతపు బ్రేకులు ఆపేవి. ఇదంతా మనవడికి చెప్పబోతే వాడు "తాతా, లైను ముందుకు పోతోంది" అని చెయ్యి పట్టుకుని లాగాడు.

మధ్యాహ్నం తిండి దగ్గర మాత్రం వాడే నాకొక సంగతి చెప్పాడు. ఈ ప్యానెళ్ళ మీద కోర్టు కేసు నడిచిందట. బళ్ళో పాఠంలో వచ్చిందట. "సోలార్ మంచిదే కదా తాతా, మరి పర్యావరణం వాళ్ళే ఎందుకు కేసు వేశారు?" అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక మా అమ్మాయి పాత వార్తలన్నీ తీసిపెడితే చదివాను.

2015లో పార్కు వాళ్ళు, కేడీసీ సోలార్ అనే కంపెనీ కలిసి వేసిన మొదటి పథకం ఏమిటంటే, పార్కుకు చెందిన 66 ఎకరాల అడవిని కొట్టేసి ఆ నేలలో ప్యానెళ్ళు పరచడం. పదిహేను వేలకు పైగా చెట్లు పోతాయి. పర్యావరణ సంఘాలు ఒప్పుకోలేదు. ఆ అడవి వాననీటిని ఇంకించుకుని వాగులకు అందిస్తుందని, పక్షులకూ జంతువులకూ అదే ఇల్లని వాదించాయి. కోర్టుకెక్కాయి. 2018 జనవరిలో రాజీ కుదిరింది. నరికే అడవి 40 ఎకరాలకు తగ్గింది, చాలా ప్యానెళ్ళు పార్కింగ్ స్థలాల మీదికెక్కాయి. నేను ముచ్చటపడి నిలబడి చూసిన పందిరి వెనుక ఇంత గొడవ ఉంది.

ఇక్కడ కంపెనీ వైపు మాట కూడా చెప్పాలి. కార్బన్ లెక్క ఒక్కటే చూస్తే గెలిచేది ప్యానెళ్ళే. ఎకరా నేలలో ప్యానెళ్ళు ఏడాదికి రెండున్నర లక్షల యూనిట్ల దాకా ఇస్తాయి. అదే కరెంటు బొగ్గుతో తీస్తే రెండు వందల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఎకరా అడవి ఏడాదికి పీల్చుకునేది కొద్ది టన్నులే. పైగా ఎత్తుగా స్తంభాలు వేసి పందిరి కట్టాలంటే ఇనుము ఎక్కువ, ఖర్చు ఎక్కువ. నేల మీద పరచడమే చౌక. కాబట్టి వాళ్ళేదో దుర్మార్గులని అనుకోవడానికి లేదు.

కానీ ఆ లెక్కలో ఒక తిరకాసు ఉంది. చెట్టా, ప్యానెలా అని అడిగితే ప్యానెల్ గెలుస్తుంది. అసలు అడగాల్సింది, ప్యానెల్ వేయడానికి చెట్టున్న చోటా, కార్లున్న చోటా అని. అలా అడిగితే జవాబు చిన్నపిల్లవాడైనా చెబుతాడు. తారు పోసిన నేల ఎప్పుడో చచ్చిపోయింది. దాని మీద పందిరి వేస్తే పోయేదేమీ లేదు, వచ్చేదే తప్ప.

ఈ తెలివి మనవాళ్ళకు లేదని కాదు. రామగుండంలో ఎన్టీపీసీ వాళ్ళు జలాశయం నీటి మీదే ప్యానెళ్ళు తేలేశారు. 500 ఎకరాల నీటి మీద 100 మెగావాట్లు, 2022 జులైకి పూర్తిగా నడకలోకి వచ్చింది. విశాఖ దగ్గర సింహాద్రిలో అంతకు ముందే, 2021లో, 25 మెగావాట్లు ఇలాగే పెట్టారు. నీటి చల్లదనానికి ప్యానెళ్ళు వేడెక్కకుండా బాగా పనిచేస్తాయి, నీళ్ళూ తక్కువ ఆవిరవుతాయి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. దాని పైకప్పు సోలారే. తొక్కేవాడికి నీడ, లైనుకు కరెంటు. మన ఆర్టీసీ బస్టాండ్ల ముందు, ఫంక్షన్ హాళ్ళ ముందు, మార్కెట్ యార్డుల్లో ఎండకు మండిపోయే ఖాళీ జాగాలు ఎన్ని ఉన్నాయో చూస్తే, మొదలుపెట్టడానికి చోటు లేదని ఎవరూ అనలేరు.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లోనే ఈ ప్రశ్న ఒకటి నడుస్తోంది కనక.

బనగానపల్లి దగ్గర మా అన్నకు ఎనిమిదెకరాల మామిడితోట ఉంది. ముందు వరస చెట్లు మా నాయన నాటినవి. గని, శకునాల గ్రామాల దగ్గర 5,932 ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయినప్పటినుంచి మా ప్రాంతంలో సోలార్ అంటే అందరికీ తెలుసు. ఇప్పుడొక కంపెనీ మనుషులు మా ఊరికొచ్చి తోటలున్న నేల కూడా లీజుకడుగుతున్నారు. చదునైన నేల, పక్కనే లైను. చెట్లు తీయించే ఖర్చు కూడా వాళ్ళదేనట.

మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, నువ్వు కరెంటోడివి, నువ్వే చెప్పు. పోయిన ఏడు పూత బాగానే నిలిచింది, కాయ దిగే ముందు గాలివాన కొట్టింది. అంతకు ముందేడు కాయ ఉండింది, రేటు లేదు. లీజయితే ఏడాదికింతని బ్యాంకులో పడతాది. చెట్టును నమ్ముకోని పిల్లోళ్ళ ఫీజులు కట్టగలమా?" అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు. తోట మీద అప్పు తీర్చేది వాడు, నేను కాదు. పెన్షన్ తీసుకుంటూ దూరాన కూర్చుని "చెట్లు కొట్టొద్దురా" అనడం సులువే. అలా అనడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడే కింగ్డా కా వార్త వచ్చింది. 2024 నవంబరులో దాన్ని మూసేస్తున్నామని, కొత్త రోలర్‌కోస్టర్ తెస్తామని పార్కు వాళ్ళు ప్రకటించారు. 2025 ఫిబ్రవరి 28న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. మనవడు వీడియో పంపాడు. అంత ఎత్తు ఇనుము క్షణాల్లో ఒరిగిపోయింది. పెట్టి నిండా ఇరవై ఏళ్ళు కాలేదు. దాని చోట ఇంకోటి కట్టుకుంటారు, వాళ్ళకేం నష్టం లేదు. యంత్రాల సంగతి అంతే. ప్యానెళ్ళకూ సాధారణంగా పాతికేళ్ళ హామీ ఇస్తారు, ఆ తరవాత తీసి కొత్తవి వేస్తారు. మా నాయన నాటిన మామిడి చెట్లకు యాభై దాటాయి, ఇంకా కాస్తున్నాయి. లీజు ముగిసేనాటికి మా అన్న కొడుక్కు అరవై దాటతాయి. అప్పుడు నేల తిరిగొస్తుంది, తోట తిరిగి రాదు. మళ్ళీ నాటి కాపు చూసే వయసు వాడికి ఉండదు.

కాబట్టి వాడితో వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. తోట వెనక గుట్ట కింద మాకు మూడెకరాల రాతినేల ఉంది. జొన్న కూడా మొలవదు. 2019లో కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో ఇలాంటి బీడు నేలల్లో రైతులే 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకుని కరెంటు అమ్ముకునే వీలుంది. సబ్‌స్టేషన్ ఐదు కిలోమీటర్ల లోపుంటే మంచిది. మా ఊరికి మూడే. మూడెకరాల్లో 500 కిలోవాట్లు పడతాయి. పెట్టుబడికి బ్యాంకు అప్పు కావాలి, ఇరుగుపొరుగు కలిస్తే ఇంకా మేలు. లీజు సొమ్మంత సుఖంగా చేతికి రాదు, కాగితాల వెంట తిరగాలి. ఆ తిరుగుడు నేను తిరుగుతానని చెప్పాను. ఏ ఆఫీసులో ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో నాకు తెలియంది కాదు.

ఈ మాటలన్నీ స్పీకర్‌లో వింటున్న మా వదిన మధ్యలో కల్పించుకుంది. "కాయ కాసినా కాయకున్నా, ఎండాకాలం మంచమేసుకునేది ఆడే గదప్పా" అంది. అన్న కొడుకు నవ్వాడు గానీ ఏమీ మాట్లాడలేదు.

కంపెనీకి ఇంకా జవాబు చెప్పలేదు. పోయిన వారం రాతినేల పాస్‌పుస్తకం నకలు తీసి పంపమని అడిగాను, పంపాడు. దరఖాస్తు నింపుతున్నాను.