జీతం పడ్డదా?

ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ అడిగేది ఒకటే: "జీతం పడ్డదా బిడ్డా?" నాకు జీతం లేదమ్మా, కమీషనే అని ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాను. కొడుకు అమెరికాలో ఉండి జీతం లేకపోవడమేమిటో తెలకపల్లిలో కూర్చున్న ఆమెకు అంతుపట్టదు.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇళ్లు కొనిపెడతాను. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా తెలుగువాళ్లే. ముందు ఫోన్‌లో దిక్సూచి తీసి గుమ్మం తూర్పుకుందా అని చూస్తారు, ధర సంగతి తర్వాత. శని, ఆదివారాలు నా కారులోనే తిప్పుతాను. నాలుగు నెలలు తిప్పాక బ్యాంకు లోను కాదంటే అంతే, పైసా రాదు. క్లోజింగ్ అయితేనే, అంటే ఇల్లు కొన్నవాళ్ల పేరు మీదికి మారితేనే, కమీషన్. అందులో బ్రోకరేజీ వాటా పోగా, ఖర్చులు తీసేసిన దానిమీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నే 15.3 శాతం. ఆదాయపన్ను వేరే. ఏడాదికి నాలుగుసార్లు నేనే లెక్కగట్టి కట్టుకోవాలి. 2024 ఆగస్టు 17 నుంచి ఇంకో మెలిక: ఇల్లు చూపించకముందే నా కమీషన్ ఎంతో రాసి, కొనేవాళ్ల సంతకం తీసుకోవాలి. మనవాళ్ల ముందు ఆ కాగితం తీస్తే, చాయ్ చేతికి రాకముందే పైసల మాట ఎత్తినట్టుంటుంది. "మనలో మనకు సంతకాలేంటన్నా" అంటారు.

కమీషన్ మా ఇంటికి కొత్తేం కాదు. నాయిన ఎల్‌ఐసీ ఏజెంటు. పల్లీలు అమ్మిన పైసలు ఏ ఇంటికి ఎప్పుడొస్తాయో ఆయనకు తెలుసు. స్కూటరు ఆ వారమే ఆ వాకిట్లో ఆగేది. అప్పట్లో ఆయన కమీషన్ మొదటి ఏడాది ప్రీమియంలో 25 శాతం దాకా, తర్వాత రెండేళ్లు 7.5, ఆపైన 5. ఎక్కాలకన్నా ముందు నాకు ఈ అంకెలే వచ్చాయి.

తాత మాత్రం 'జీతమున్నాడు'. మా దిక్కు ఆ మాటకు అర్థం వేరు. పటేలు ఇంట్ల ఏడాది లెక్కన గొడ్డుచాకిరీ, తెచ్చిన అప్పు తీరేదాకా. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. నెలనెలా వచ్చే జీతం గొప్పదనే మాట అమ్మ కాలానికి పుట్టింది. నాకు జీతం లేదంటే సంబరపడ్డది నాయనమ్మ ఒక్కతే. "మంచిగైంది. ఒకల కాడ జీతముండకు" అన్నది.

నాయిన పోయి నాలుగేళ్లు. ఆయన కట్టించిన పాలసీల మీద రెన్యువల్ కమీషన్ ఇప్పటికీ అమ్మ ఖాతాలో పడుతుంది. నేను కొనిపెట్టిన ఇంటికి రెన్యువల్ ఉండదు. మొన్న ఫోన్‌లో అమ్మకన్నా ముందు నేనే అడిగాను, పడ్డయా అని.

"పడ్డయి, పదకొండు వందలు. మరి నీకు?"

నా రెండు క్లోజింగులూ వచ్చే నెలకు వాయిదా పడ్డాయి.