వంజంగి: మేఘాల మీదికి మొదటి గేరులో

వంజంగి గురించి అడిగితే ఎవరైనా ముందు ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. లోయ నిండా పాలు పొంగినట్టు మబ్బులు, మధ్యలో దీవుల్లా తేలే కొండ కొమ్ములు, వాటి వెనక ఎర్రటి సూర్యుడు. ఆ ఫొటోలో దారి మాత్రం కనపడదు. వెళ్లొచ్చినవాళ్లని మరి కాస్త కదిపితే అప్పుడు మొదలవుతుంది అసలు కథ: "అబ్బో, ఆ రోడ్డా! నడుం విరిగిందనుకోండి." అందుకే ఇక్కడ మబ్బులతో పాటు ఆ దారి సంగతి కూడా చెప్పుకుందాం.

విశాఖపట్నం నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు సుమారు 110 కిలోమీటర్లు. మాడుగుల దాకా అంతా మైదానమే. ఆ ఊళ్లో హల్వా పొట్లం కట్టించుకోకుండా కదిలేవాళ్లు తక్కువ. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, వాటిని పులియబెట్టి, ఆపైన నెయ్యితో కట్టెల పొయ్యి మీద గంటల తరబడి తిప్పితే తయారయ్యే సరుకది. చలిలో కొండెక్కేవాళ్లకి భలే ఆసరా.

మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపులు ఎక్కువే గానీ ఇది తారు రోడ్డు, బస్సులు తిరిగే దారి. అమ్మవారి పాదాల దగ్గర డ్రైవర్లు బండి నెమ్మది చేసి దణ్ణం పెట్టుకుంటారు. అక్కణ్ణుంచి పైకి వెళ్తున్నకొద్దీ గాలి మారుతుంది. మినుములూరు వైపు కాఫీ తోటలు కనిపిస్తాయి. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. ఒకే నేలలో మూడంతస్తుల సేద్యం. ఈ కొండల కాఫీకే 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరు మీద భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పాడేరు ఇప్పుడు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఊరు పెరిగింది. అయినా డిసెంబరు శనివారం రాత్రి ముందుగా మాట్లాడుకోకుండా వెళ్తే గది దొరకడం కష్టం. వంజంగి ఊరు ఇక్కణ్ణుంచి కొద్ది కిలోమీటర్లే. "అంతేనా!" అనిపిస్తుంది. తీరా తారు రోడ్డు వదిలి కొండ బాట పట్టాక ఆ కొద్ది కిలోమీటర్ల విలువ తెలుస్తుంది.

మేం బయల్దేరింది తెల్లవారుజాము నాలుగింటికి, ఊళ్లో మాట్లాడుకున్న జీపులో. ఎర్రమట్టి, రాళ్లు, వానాకాలం నీళ్లు కోసేసిన గాళ్లు. హెడ్‌లైట్ వెలుగులో ఒక పక్క మట్టి గోడ కనిపిస్తుంది, రెండో పక్క ఏమీ కనిపించదు. డ్రైవరు కుర్రాడు మొదటి గేరు వేసి, ఇక దాన్ని కదపలేదు. క్లచ్ మీద కాలు ఆనించలేదు. ఎక్కడైనా చక్రం గింజుకుంటే, ఆక్సిలేటర్ తొక్కకుండా కాస్త వెనక్కి వదిలి, స్టీరింగ్ తిప్పి, రాయి మీదుగా మళ్లీ ఎక్కించేవాడు. గాడిలో పడకుండా గాడి అంచుల మీద చక్రాలు నడిపించడంలోనే అతని పనితనమంతా ఉంది.

"ఇదేం భయం లేదు సార్. ఎక్కడం ఇంజిన్ చూసుకుంటాది. దిగినప్పుడే మనం చూసుకోవాల," అన్నాడు.

ఆ మాట కొండ రోడ్లన్నిటికీ వర్తిస్తుంది. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే బండి మన చేతిలో ఉండదు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి, సరిగ్గా అవసరమైన మలుపులోనే పట్టు తప్పుతుంది. సొంత కారులో వెళ్దామనుకునేవాళ్లు ముందుగా తమ బండి నేలకి ఎంత ఎత్తులో ఉందో చూసుకోవాలి. ఊళ్లోకి వేసుకెళ్లే చిన్న కారుకి ఆ రాళ్లు అడుగు తగులుతాయి. దాన్ని కిందే వదిలి స్థానిక జీపు ఎక్కితే, కారుకీ మంచిది, ఆ జీపు నడుపుకునే ఇంటికీ మంచిది.

బండి ఆగిన చోటు నుంచి మిగతాది నడకే. చెట్ల మధ్య రాళ్ల బాట, కొన్నిచోట్ల బాగా నిటారు. చలిలో బయల్దేరినవాళ్లు సగం దూరంలోనే స్వెట్టర్లు విప్పి నడుముకి కట్టుకుంటారు. చీకట్లో ముందూ వెనకా టార్చిలైట్లు, ఆయాసాలు, "ఇంకెంత దూరం?" అనే ప్రశ్న, "వచ్చేసింది" అనే అబద్ధం.

పైన నిలబడితే తూర్పు తెల్లబడేదాకా ఏమీ తెలియదు. తర్వాత ఒక్కొక్క కొండే మబ్బులోంచి తల పైకెత్తుతుంది. మబ్బు కదలనట్టే ఉంటుంది గానీ కదులుతుంది. ఒక లోయ అంచు దాటి, పక్క లోయలోకి మెల్లగా ఒలుకుతుంది. సూర్యుడు పైకొచ్చిన క్షణాన అరుపులు, ఈలలు. ఆ తర్వాత రెండు నిమిషాలు ఎవరూ చెప్పకుండానే అందరూ మాట్లాడటం మానేశారు.

నిజానికి అది ఆకాశం నుంచి దిగొచ్చిన మబ్బు కాదు, లోయలోనే పుట్టిన పొగమంచు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడిని త్వరగా వదిలేసుకుంటుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు మీదుగా లోయలోకి జారుతుంది. అందులోని తేమ సన్నని నీటి చుక్కలుగా మారుతుంది. పైన కాస్త వెచ్చటి గాలి పొర మూతలా ఉండటంతో మంచు పైకి లేవలేక, గిన్నెలో పాలలా సమంగా నిలుస్తుంది. ఎండ నేలని వేడి చేశాక విడిపోయి మాయమవుతుంది.

ఇది తెలిస్తే ఒక లాభముంది. ముందు రోజు రాత్రి పాడేరులో బయటికొచ్చి తలెత్తి చూడండి. చుక్కలు తేటగా కనపడుతూ, గాలి ఆడకుండా, చలి కరుస్తుంటే మర్నాడు మీకు అవకాశం బాగుంది. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంటే పైకి వెళ్లాక మబ్బు మీద కాదు, మబ్బు లోపల నిలబడతారు. పక్కనున్న మనిషి కూడా కనపడడు. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి కాలం. అయినా ఏ పొద్దుకీ పూచీ లేదు.

దిగేటప్పుడు కొండవాలున్న ఊళ్లు కనిపించాయి. పొలాలు, రేకుల ఇళ్లు, కట్టెల మోపులతో ఆడవాళ్లు. ఏజెన్సీలో ఈ మాత్రం దారి కూడా లేని ఊళ్లు చాలా ఉన్నాయి. నొప్పులొచ్చిన గర్భిణిని డోలీ కట్టి, భుజాల మీద మోసుకుంటూ అంబులెన్స్ ఆగే చోటికి తెచ్చే వార్తలు మనకి కొత్త కావు. మనం డబ్బిచ్చి ఒక్క పొద్దు పడే కుదుపు, వాళ్ల బతుకులో రోజూ ఉండేదే. చూడటానికొచ్చే జనం వల్ల జీపులకి కిరాయి, టీ కొట్లకి బేరం వచ్చాయి, అది నిజం. ఆ జనమే వదిలిన నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు వాలు పొడుగునా పడున్నాయి, అదీ నిజమే. పైకి నిండు సీసా మోసినవాళ్లకి ఖాళీది కిందికి తేవడం బరువా?

మంచు విడిపోకముందే చేరాలంటే నాలుగింటికల్లా పాడేరు దాటాలి. కొండ మొదట్లో టికెట్ తీసుకోవాలి. టార్చి, గట్టి పట్టున్న బూట్లు, చెవులకి మఫ్లరు తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని నడక సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి. జీపు కిరాయి రానూపోనూ ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి. దిగేటప్పుడు ఎదురుగా బండి కనపడితే, మీ డ్రైవరుని పక్కకి తీయమనండి. ఘాట్‌లో ఎక్కే బండికే దారివ్వాలనేది రోడ్డు నిబంధన కూడా. ఆ వచ్చే జీపులో మనలాంటి ఫొటోలవాళ్లే ఉండాలని లేదు. రేషన్ బియ్యం ఉండొచ్చు, ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్న బాలింత ఉండొచ్చు.