మేము చెవిని బెట్టని నొప్పి

మా తోడికోడలికి మూత్రపిండము మార్చి రెండేండ్లయినది. ఇచ్చినది ఆమె కన్నతల్లి. నాటినుండి మరిపెడలోని మా యింట వినవచ్చు ప్రశ్న యొక్కటియే: "క్రియాటినిన్ ఎంత వచ్చినది?" ఆ యంకె చక్కగా నుండుటచే గండము గడచెనని మేమెల్లరము తలచితిమి.

ఆమె మాత్రము నడుమునొప్పి, మోకాళ్లనొప్పి యనుచుండెను. దప్పికయు మిక్కుటమాయెను. ఇంటిపనిచే గలిగిన బడలిక యని మేమంటిమి. అంతటితో నూరకుండక, యెముకలకు బలమని వైద్యుల నడుగకయే కాల్షియము మాత్రలు తెప్పించి మ్రింగించితిమి. తుదకు మరిపెడ బంగ్లాకడ బస్సెక్కి వరంగల్లునకు గొనిపోగా, అచ్చటి వైద్యురాలు రక్తములోని కాల్షియమును, పారాథైరాయిడ్ హార్మోనును గొలిపించెను. రెండును హెచ్చుగా నుండెను. ఆ మాత్రలు తత్క్షణమే మాన్పించెను.

ఆమె మాకు బోధపఱచిన సంగతి యిది. మెడలో థైరాయిడ్ వెనుక కందిగింజలంతటి గ్రంథులు సాధారణముగా నాలుగుండును. రక్తమున కాల్షియము తగ్గినచో నవి హార్మోనును విడిచి, యెముకలనుండి దానిని రప్పించును. మూత్రపిండములు చెడినపుడు భాస్వరము రక్తమున నిలిచిపోవును, విటమిన్ డి పనిచేయు రూపమును పొందజాలదు, కాల్షియము తగ్గును. ఏండ్లతరబడి యీ కొఱతను దీర్చబూని గ్రంథులు పెరుగును. క్రొత్త మూత్రపిండము వచ్చిన పిదప నవి పెక్కుమందిలో క్రమముగా నెమ్మదించును. కొందఱిలో మాత్రము, అప్పు తీరినను నగలమ్ముట మానని యింటివారివలె, యెముకలను గరగించుచునే యుండును. అందుచే నెముకలు పెళుసగును. క్రొత్త మూత్రపిండమునకును గీడు కలుగవచ్చును.

ఈ హార్మోనును గొలుచుట సామాన్యము కాదు. ఆరోగ్యవంతుల రక్తమున మిల్లీలీటరునకు నుండునది పదులకొలది పికోగ్రాములు మాత్రమే. పికోగ్రామనగా గ్రాములో లక్షకోట్లవ వంతు. అంతటి సూక్ష్మమును గొలుచు విధానమును న్యూయార్కునందు సాలమన్ బెర్సన్ గారితో గూడి కనిపెట్టినది రోజలిన్ యాలో యను స్త్రీరత్నము. 1963లో వారును, సహచరులును ఆ పద్ధతిని ఈ హార్మోనునకు వర్తింపజేసిరి. 1977లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను.

కావున మూత్రపిండము మార్చుకొన్నవారు మీ యింట నున్నచో, క్రియాటినిన్‌తోబాటు కాల్షియము, భాస్వరము, ఈ హార్మోను ఎట్లున్నవో, మరల నెప్పుడు చూడవలెనో వైద్యుల నడుగుడు. ఒక్కనాటి యంకెకు బెదరక, వరుసగా వచ్చిన యంకెలను వ్రాసి యుంచుడు. మాత్రలు మీయంతట మ్రింగింపకుడు.

మా తోడికోడలికి మందు సాగుచున్నది, కాల్షియము దిగుచున్నది. అంకె చెప్పక మున్నే ఆమె నొప్పి చెప్పినది, విననివారము మేమే.