మూడు సీసాలు, మూడు బెలూన్లు

కువైట్‌లో ఏ బకాలాకి వెళ్లినా, అంటే చిల్లర కొట్టుకి వెళ్లినా, చక్కెరని 'సుక్కర్' అంటారు. మన రాజంపేట వాళ్లు చక్కెర అంటారు, గోదావరి వాళ్లు పంచదార అంటారు. సంస్కృతంలో 'శర్కర' అంటే మొదట గులకరాళ్లు, గరుకు ఇసుక. చక్కెర, సుక్కర్, షుగర్ అన్నీ ఆ ఒక్క మాట నుంచే వచ్చాయి.

ఆ మాటతో మనకి ఇంకో బంధం కూడా ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో ఒకదానిలో మా పూర్వీకులు నాటాల్ చెరుకు తోటలకి వచ్చారు. 1879లో లియోనిడాస్ ఓడ మొదటి కూలీలను ఫిజీకి చేర్చింది. అదే ఏడాది అమెరికాలో ఫాల్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, భోజనం చేస్తూ తన చేతికి ఏదో తీపి అంటుకుని ఉందని గమనించాడు. అది శాకరిన్. చెరుకు అక్కర్లేని తీపి!

చెరుకు నరికిన వాళ్ల పిల్లలం, ఇప్పుడు మనలో చాలామందికి షుగర్ జబ్బు. మా నాన్నకీ ఉంది, మేనత్తకీ ఉంది. కువైట్‌లో కూడా ఇది ఎక్కువే. దీని మీద పరిశోధన కోసం ఇక్కడ 2006లో దస్మాన్ డయాబెటిస్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది.

నేను ఫర్వానియాలో ఉంటాను, బడిలో సైన్సు చెబుతాను. మా పక్క గదిలో రాజంపేట అక్క ఉంటుంది. ఆమెకి షుగర్ ఉంది. చక్కెర మానేసి, టీలో రెండు చెంచాల దిబ్స్ వేసుకునేది. దిబ్స్ అంటే ఖర్జూరం పాకం.

"అక్కా, అది కూడా తీపే కదా?" అన్నాను.

"ఇది పండు పాకం గదమ్మా, ఏం కాదులే" అంది.

వాదన ఎందుకని, ఒక శుక్రవారం ఇద్దరం మూడు చిన్న సీసాలు తీసుకున్నాం. ఒక్కోదానిలో అర కప్పు గోరువెచ్చని నీళ్లు, ఒక చెంచా ఈస్ట్ పోశాం. మొదటి సీసాలో రెండు చెంచాల చక్కెర, రెండో దానిలో రెండు చెంచాల దిబ్స్, మూడో దానిలో స్టీవియా చుక్కలు వేశాం. మూతులకి బెలూన్లు తొడిగాం.

ఈస్ట్ చక్కెరని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కాసేపటికి చక్కెర బెలూన్ లేచింది. దిబ్స్ బెలూన్ కూడా లేచింది. స్టీవియా బెలూన్ మాత్రం వాలిపోయే ఉంది. దిబ్స్‌లో ఎక్కువగా ఉండేవి గ్లూకోజ్, ఫ్రక్టోజ్. అవి కూడా చక్కెరలే. స్టీవియా తీపి నాలుకకి తెలుస్తుంది కానీ, ఈస్ట్‌కి తిండి కాదు.

అక్క రెండో బెలూన్‌ని వేలితో నొక్కి చూసింది. "అయితే ఇన్నాళ్లూ నేను తాగింది చక్కెరేనా?" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీరు ఇంకొకటి కూడా చేసి చూడండి. బకెట్ నీళ్లలో ఒక మామూలు కోలా డబ్బా, ఒక డైట్ కోలా డబ్బా వేయండి. సాధారణంగా మామూలుది మునుగుతుంది, డైట్‌ది తేలుతుంది. 330 మిల్లీలీటర్ల మామూలు కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. అస్పర్టేమ్ చక్కెర కంటే దాదాపు 200 రెట్లు తీపి. అందుకే చిటికెడు కూడా అక్కర్లేదు.

అలాగని ఈ తీపి పొడులు మందు కాదు. కొన్ని పొట్లాల్లో డెక్స్ట్రోజ్ కలుపుతారు, అదీ చక్కెరే. కాబట్టి పొట్లం మీద రాసింది చదవండి. అస్పర్టేమ్ వేడికి విరిగిపోయి తీపి తగ్గుతుంది, పాయసంలో వేసి ఉడికించకండి. బరువు తగ్గడానికి ఇలాంటివి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన ముందే షుగర్ ఉన్నవాళ్ల గురించి కాదు. వాళ్లు డాక్టర్‌ని అడగాలి.

మన ఇళ్లలో బెల్లం, తేనె, ఖర్జూరం పాకం మంచివేనని పెద్దవాళ్లు నమ్ముతారు. వాళ్లతో గొడవ పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని బెలూన్లు తొడగండి. పిల్లలకి సైన్సు వస్తుంది, పెద్దలకి నిజం కనిపిస్తుంది.