సగం బొంత, ఒక దుప్పటి

మహాశివరాత్రి దగ్గర పడిందంటే సైదాబాద్ గల్లీల్లో తెల్లవారకముందే శివనామం వినిపిస్తుంది. శంకేశ్వర బజార్ నుంచి, సింగరేణి కాలనీ నుంచి, కుర్మగూడ నుంచి మెడలో మాల, భుజాన సంచితో శివస్వాములు జట్లు జట్లుగా బయలుదేరతారు. సంతోష్‌నగర్ మీదుగా చాంద్రాయణగుట్ట చేరితే అక్కడి నుంచి ఇక శ్రీశైలం రోడ్డే. పహాడీషరీఫ్, తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, డిండి, మన్ననూరు, దోమలపెంట దాటి కృష్ణమ్మ వంతెన ఎక్కేసరికి రెండు వందల కిలోమీటర్లు కాలి కింద పోతాయి. రోజుకు 30 నుంచి 40 కిలోమీటర్ల నడక. ఎక్కువ మందికి కాళ్లకు చెప్పులుండవు.

ఈ దారిలో తిండికి లోటు లేదు. ఊరూరా అన్నదానాలు, మజ్జిగ పందిళ్లు, బొబ్బలెక్కిన కాళ్లకు కట్టు కట్టే వైద్య శిబిరాలు. బియ్యం, గిన్నెలు మోయాల్సిన పని లేదు. రెండు జతల బట్టలు, నీళ్ల సీసా, టార్చిలైటు, ఫోను చార్జరు, పూజ సామాను కలిపి తూచినా మూడు కిలోలు దాటవు. సంచిని బరువెక్కించేది పడకే. తెలియక సర్దుకున్నవాళ్ల సంచిలో సగం బరువు దానిదే. ఎండెక్కిన తారురోడ్డు మీద ఒట్టికాళ్లతో నడిచేవాళ్లకు ఆ బరువు వీపు మీద కంటే ముందు అరికాలి కింద తెలుస్తుంది. రోడ్డు మీద తేలిన కంకర ఎంత లోతు దిగుతుందో సంచి బరువే తేలుస్తుంది.

శివదీక్ష నియమం ప్రకారం స్వాములు నేలమీదే పడుకోవాలి. మంచం లేదు, పరుపు లేదు. ఒక చాప, ఒక దుప్పటి అని పెద్దలు చెప్పే మాట వినడానికి తేలికే. కానీ దారిలో నేల ఒక్కతీరుగా ఉండదు. ఓ రాత్రి గుడి మండపంలో నున్నటి గ్రానైటు, మరో రాత్రి బడి వరండాలో గరుకు సిమెంటు, ఇంకో రాత్రి కోత అయిపోయిన చేను. మధ్యాహ్నం ఎండకు ఆగినప్పుడు వేపచెట్టు కింద ముళ్లు, చీమలు. పడక రాత్రి ఒక్కసారే కాదు, రోజుకు రెండుసార్లు పరచాల్సి వస్తుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి నడిచేవాళ్లకు మధ్యాహ్నపు కునుకే అసలు నిద్ర.

బయలుదేరే ముందు మా గురుస్వామి వెంట సైదాబాద్‌లో ఓ చాపల దుకాణానికి వెళ్లాను. ఆయన ఏళ్లుగా ఈ దారి నడుస్తున్న మనిషి. దుకాణం భాయ్ రంగురంగుల మడత చాపలు ముందేశాడు. "హాజీలు కూడా ఇవే తీసుకుంటరు స్వామీ. ముజ్దలిఫాలో ఒక్క రాత్రి ఆకాశం కింద పండాలె గదా" అన్నాడు. నిజమే. హజ్‌లో అరఫాత్ నుంచి వచ్చిన లక్షల మంది ఆ రాత్రి ఆరుబయట గడుపుతారు. మగవాళ్ల ఒంటి మీద కుట్టులేని రెండు గుడ్డలు తప్ప మరేమీ ఉండవు. అక్కడా తేలికైన చాపే కావాలి. పాతబస్తీలో ఒకే దుకాణం నుంచి ఒకే చాప రెండు యాత్రలకు పోతోందన్న సంగతి నన్ను అక్కడే కాసేపు నిలబెట్టింది.

గురుస్వామి మాత్రం చాపల మందం వేళ్లతో నొక్కి చూస్తున్నాడు. "స్వామీ, పైన కప్పుకునేదానికి కాదు, కింద పరుచుకునేదానికి చూసుకో. సలి పైకెల్లి రాదు, కిందికెల్లి వస్తది" అన్నాడు.

ఆ మాట వెనక శాస్త్రం ఉంది. దుప్పటి వెచ్చదనం దాని నూలులో కంటే నూలు పోగుల మధ్య నిలిచిన గాలిలో ఎక్కువ. మనిషి బరువుకు కింద నలిగిన దుప్పటిలో ఆ గాలి మిగలదు. అప్పుడు ఒంట్లోని వేడి నేరుగా రాతిలోకి పోతుంది. వస్తువుల ప్యాకింగ్‌లో వాడే తెల్లటి నురుగు షీటుతో పోలిస్తే గ్రానైటు వేడిని యాభై రెట్లకు పైగా లాగేస్తుంది. రెండు కిలోల రగ్గు కప్పుకొని, కింద పలుచటి ప్లాస్టిక్ చాప మీద పడుకున్నవాళ్లు తెల్లవారేసరికి నడుం పట్టేసి లేవడానికి కారణం ఇదే. వాళ్లు చలికి ఇంకో రగ్గు కావాలంటారు. నిజానికి కావాల్సింది కింద ఇంకో పొర.

కిరాణా దుకాణం కాటా మీద ఒక్కొక్కటీ పెట్టి చూశాం. సోలాపూర్ చద్దరు కిలో దాటింది. నూలు దుప్పటి అరకిలో. పట్టుకుంటే మెత్తగా ఉండే ఫ్లీస్ దుప్పటి ముప్పావు కిలోకు అటూ ఇటూ. ఒక మనిషికి సరిపడే ప్లాస్టిక్ చాప అరకిలో పైచిలుకు. చవకరకం స్లీపింగ్ బ్యాగు కిలోన్నరకు దగ్గర పడింది. సెంటీమీటరు మందం, మనిషి పొడవు ఉన్న నురుగు షీటు మాత్రం పావు కిలోనే. ధర అన్నిటికంటే తక్కువ. చుడితే లావుగా కనిపిస్తుంది కాబట్టి జనం దాన్ని బరువనుకుంటారు. సంచికి బయట తాడేసి కడితే ఆ ఇబ్బందీ ఉండదు.

స్పెయిన్‌లో శాంటియాగో దాకా నడిచే క్రైస్తవ యాత్రికులకు ఒక లెక్క ఉంది. వీపు మీది సంచి మనిషి బరువులో పదో వంతు మించకూడదు. 60 కిలోల మనిషికి 6 కిలోలు. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి దాదాపు 780 కిలోమీటర్లు నడిచే దారి అది. ఆ లెక్క మనకూ పనికొస్తుంది కానీ వాళ్ల సామాను పట్టిక పనికిరాదు. అక్కడ దారి పొడవునా యాత్రికుల వసతి గృహాలుంటాయి, మంచం, పరుపు దొరుకుతాయి. కప్పుకునేది తీసుకెళ్తే సరిపోతుంది. మన దగ్గర నేలే మంచం. వాళ్లు పైకి ఖర్చుపెట్టే బరువును మనం కిందికి ఖర్చుపెట్టాలి.

సామాను డీసీఎం వ్యాన్‌లో వేసి ఖాళీ చేతుల్తో నడిచే జట్లూ ఉన్నాయి. మహారాష్ట్రలో ఆళంది నుంచి పండరీపురానికి 250 కిలోమీటర్లు నడిచే వార్కరీ భక్తులదీ ఇదే పద్ధతి, దిండీలనే వాళ్ల జట్ల వెంట లారీలు పడకలు, వంట సామాను మోస్తాయి. పెద్దవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదే మేలు. కానీ జట్టంతా ఒక్క వేగంతో నడవదు. ముందున్నవాళ్లు ఓ ఊరు దాటితే వెనకబడ్డవాళ్లు అంతకు ముందు ఊరిలోనే ఉంటారు. వ్యాన్ ఏదో ఒక చోటే ఆగుతుంది. కందుకూరు దాటాక మా జట్టులో వెనకబడ్డ నలుగురు మధ్యాహ్నమంతా పత్రికల కాగితాలు పరుచుకొని కూర్చున్నారు. వాళ్ల చాపలు వ్యాన్‌లో కడ్తాల్ చేరిపోయాయి. వ్యాన్ ఉన్నా సరే, ఒక్క పొర భుజాన ఉండాల్సిందే.

మైసిగండి మైసమ్మ గుడి దగ్గర ఆ రాత్రి ఎక్కడ చూసినా పడకలే. ఎవరేం తెచ్చుకున్నారో చూస్తూ తిరిగాను. యూరియా సంచులు విప్పి కుట్టుకున్న పట్టాలు, యోగా మ్యాట్లు, ఈతాకు చాపలు. అన్నిటికంటే ఎక్కువ కనిపించినవి పాత ఫ్లెక్సీలు. పుట్టినరోజు శుభాకాంక్షల మీద, ఎన్నికల వాగ్దానాల మీద జనం ఒళ్లెరగకుండా నిద్రపోతున్నారు. ఫ్లెక్సీ ఉచితంగా దొరుకుతుంది, తడిని ఆపుతుంది. చలిని మాత్రం ఆపదు. పైగా నున్నగా జారుతుంది. కొందరు మంచుకు భయపడి దాన్నే పైన కప్పుకున్నారు. వాళ్ల దుప్పట్లు తెల్లారేసరికి లోపలి నుంచే తడిశాయి. గాలి ఆడని కప్పు కింద ఒంటి ఆవిరే నీరై దిగుతుంది. ప్లాస్టిక్ ఏదైనా దాని చోటు నేలకూ చాపకూ మధ్యనే.

ఆమనగల్లు దాటాక గొర్రెల మందతో ఓ ముసలాయన ఎదురయ్యాడు. భుజాన నల్ల గొంగడి. చెట్టు కింద కలిసి కూర్చున్నాం. అడిగితే పరిచి చూపించాడు. దక్కనీ గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పట్టించి బిగించిన నేత. అంచు గరుకుగా ఉంది, నడుమ ఏళ్ల వాడకానికి మెత్తబడింది. "వానొస్తె ఇదే, సలివెడితె ఇదే, పండుకుంటె ఇదే. ఇంకేం గావాలె స్వామీ?" అన్నాడు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా తడిసినట్టు తెలియనివ్వదు. నూలు దుప్పటి అలా కాదు, తడిస్తే వెచ్చదనం పోతుంది, బరువు పెరుగుతుంది. అయితే గొంగడి మూడు కిలోల దాకా తూగుతుంది. మంద వెంట నిదానంగా కదిలే మనిషికి అది ఇల్లు. రోజుకు 40 కిలోమీటర్లు నడిచే స్వామికి మోయలేని భారం. ఆ పెద్దాయన నుంచి మనం తీసుకోవాల్సింది గొంగడిని కాదు, ఒక్క వస్తువుతో మూడు పనులు చేయించే తెలివిని. స్వాముల దగ్గర దానికి దీటైనది లుంగీ. నడకలో ఎండకు తలమీద ముసుగు, స్నానానికి తుండు, మడిస్తే తలగడ.

అలాంటి తెలివితోనే 1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల పల్లెటూరి అవ్వ అపలేచియన్ కొండదారి మొత్తం, మూడు వేల కిలోమీటర్లకు పైగా, ఒంటరిగా నడిచింది. పదకొండు మంది పిల్లల్ని కన్న తల్లి. ఆమె భుజాన ఉన్నది సొంతంగా కుట్టుకున్న గుడ్డ సంచి. అందులో ఒక సైనిక దుప్పటి, వానకు అడ్డంగా స్నానాల గది ప్లాస్టిక్ తెర. డేరా లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. దూరపు నడకలకు తేలికైన సామాను వాడటం గురించి ఇవాళ రాసేవాళ్లంతా ఆమె పేరు తలుచుకుంటారు. ఖరీదైన సరుకు లేకపోతే నడవలేమనుకునేవాళ్లకు ఆమె నడకే జవాబు.

ఆమెది ఒక కొసైతే, శ్రీశైలం దారిలో ఇంకో కొస ఏనుగుల వీరాస్వామిది. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, నల్లమల దాటి మల్లన్నను చూసుకొని హైదరాబాదు వచ్చిన ఆయనకు బోయీలు, పరివారం, డేరాలు వెంట ఉన్నాయి. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివినప్పుడు పల్లకిలోని మనిషి కష్టాలు తెలుస్తాయి. పల్లకి మోసిన బోయీలు రాత్రుళ్లు ఏం పరుచుకున్నారోనని నాకు ఈ దారిలో పదేపదే అనిపించింది.

మన్ననూరులో అడవి మొదలవుతుంది. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర వాహనాలు ఆపేస్తారు. సాయంత్రం చేరినవాళ్లం అక్కడే ఆగాం. పగలంతా మాడ్చిన ఎండ, చీకటి పడగానే అడవి మీంచి దిగే చలి. బడి వరండాలో నా పక్కన కుర్మగూడ నుంచి వచ్చిన ఓ మాత పడక పరుచుకుంది. పాత నూలు చీరలు నాలుగైదు పొరలేసి కుట్టిన బొంత. కానీ పొడవు సగమే ఉంది.

"ఇదేంది మాతా, సగమే ఉంది?" అని అడిగాను.

"మొత్తం తెస్తె కిలోన్నర స్వామీ. కత్తిరించి అంచులు కుట్టిన. భుజాల కాణ్ణుంచి నడుం దాక మెత్తగుంటె సాలు. కాళ్ల కింద సంచి పెట్టుకుంట" అంది.

బొంతను దగ్గరగా చూశాను. అడ్డంగా, నిలువుగా చేతి కుట్లు, వేలెడు దూరానికొకటి. పైపొర నీలం పూల చీర, వెలిసిపోయింది. కత్తిరించిన అంచుకు ఎర్రటి జాకెట్ గుడ్డ చుట్టి గట్టి చేసింది. దాని కింద నురుగు షీటు, అదీ అంతే పొడవు, ఆ కింద పలుచటి పట్టా. పడుకున్నప్పుడు ఒంటి బరువు ఎక్కువగా ఆనేది భుజాలు, వీపు, పిరుదులే. చలి, నొప్పి పట్టేదీ అక్కడే. పడమటి దేశాల్లో కొండలెక్కేవాళ్లు కూడా బరువు తగ్గించుకోవడానికి నడుం దాకా ఉండే పొట్టి మ్యాట్లు కొంటారు. ఆమె దాన్ని ఇంట్లో కత్తెరతో సాధించింది. కాళ్లు సంచి మీద కాస్త ఎత్తులో ఉండటంతో పొద్దున్నకు వాపు కూడా తగ్గుతుందని చెప్పింది. ఆ రాత్రి వరండాలో ముందుగా నిద్రపట్టింది ఆమెకే.

మర్నాడు ఫరహాబాద్ దాటి వటవర్లపల్లి దిక్కు నడుస్తుంటే రాలిన టేకాకుల మీద అడుగుల చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. సంచి తేలికగా ఉన్నవాళ్లు తలెత్తి అడవిని చూస్తూ నడిచారు. బరువున్నవాళ్ల చూపు రోడ్డు మీదే ఉంది. పడక గురించి ఇంత పట్టించుకోవడం ఎందుకంటే ఇందుకే. వచ్చింది మల్లన్న కోసం, ఆయన అడవి కోసం. భుజం నొప్పి ఆ చూపును లాగేసుకోకూడదు.

ఈ దారికి నా లెక్క ఇది. సగం బొంత ముప్పావు కిలో, నురుగు షీటు సగం పొడవుది నూట పాతిక గ్రాములు, నూలు దుప్పటి అరకిలో, కింద వేసే పలుచటి పట్టా రెండు వందల గ్రాములు. అంతా కలిపినా కిలోన్నరకు కొంచెం పైన. చలి ఎక్కువ పట్టేవాళ్లు నూలు దుప్పటి బదులు ఫ్లీస్ తీసుకుంటే మరో పావు కిలో.

శ్రీశైలం చేరాక తిరుగు ప్రయాణం బస్సులో కదా అని చాలామంది పట్టాలు, ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ చాపలు అక్కడే వదిలేస్తున్నారు. దోమలపెంట నుంచి ఘాట్ రోడ్డు పొడవునా అవి పొదలకు చిక్కుకొని కనిపించాయి. ఆ అడవిలో పులి తిరుగుతుంది, చెంచులు బతుకుతారు, జింకలు మేస్తాయి. స్వాములారా, మోసుకెళ్లిన పడకను మడిచి ఇంటికి తెచ్చుకోండి. బొంత ఉతికి ఆరేసుకుంటే, షీటు చుట్టి అటక మీద పెడితే వచ్చే శివరాత్రికి మళ్లీ కొనే పని ఉండదు.